కిటికీ పక్కన దొరికిన ఎముక

శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయి దిగేవాళ్లు ముందు ల్యాంప్ రూంకు పోతారు. అక్కడ ఇచ్చే ప్రతి దీపానికీ ఒక నంబరుంటుంది. ఏ నంబరు దీపం ఏ షిఫ్టులో ఎవరు తీసుకున్నారో పైన లెక్క ఉంటుంది. భూమి కింద ఎక్కడో చీకటి మలుపులో ఉన్న మనిషి ఎవరో ఆ అంకె చెబుతుంది. బొగ్గు కాలనీల్లో పెరిగిన మాకు చిన్నప్పుడే మనసుకెక్కిన ఏర్పాటు ఇది. మనిషినీ అతని గుర్తునూ విడిపోకుండా కలిపి ఉంచే పని ఎవరో ఒకరు ఓపికగా చేస్తూ ఉండాలి.

అంతకంటే ఎక్కువగా నన్ను ఆకట్టుకున్నవి బోరు వేసి తీసిన రాతి కడ్డీలు. భూగర్భ శాఖ వాళ్లు వాటిని పొడవాటి పెట్టెల్లో వరసగా పేర్చి, ఏ ముక్క ఎంత లోతు నుంచి వచ్చిందో పక్కన రాసిపెడతారు. ఇసుకరాయి, దాని కింద బూడిదరంగు మట్టిరాయి, దాని కింద బొగ్గు. పెట్టె ఒలికి వరస చెదిరిందంటే రాళ్లన్నీ ఉంటాయి, ఒక్కటీ పోదు. కానీ బొగ్గు పొర ఎన్ని మీటర్ల లోతున ఉందో ఇక ఆ పెట్టె చెప్పలేదు. వలస పాలన తొలినాళ్ల స్థావరాల్లో దొరికిన మనుషుల అవశేషాలను గుర్తుపట్టే పురావస్తు పనితనాన్ని నేను ఈ పెట్టె ద్వారానే అర్థం చేసుకున్నాను. ఆ పనిలో మన హైదరాబాద్‌కు గట్టి వాటా ఉంది.

ఆ కథ జార్జియాలో మొదలవుతుంది. తూర్పు జార్జియాలోని కాఖేతి రాజ్యపు రాణి కేతెవాన్‌ను ఇరాన్ పాలకుడు షా అబ్బాస్ ఏళ్ల తరబడి షిరాజ్‌లో నిర్బంధించాడు. మతం మారడానికి ఆమె ఒప్పుకోలేదు. 1624లో ఎర్రగా కాల్చిన ఇనుముతో హింసించి చంపారు. అప్పుడు షిరాజ్‌లో పోర్చుగీసు అగస్టీనియన్ సన్యాసులుండేవారు. వాళ్లు రహస్యంగా ఆమె అవశేషాలను తవ్వి తీశారు. కొంత భాగం జార్జియాలో ఉన్న కొడుకు తైమూరాజ్‌కు చేరింది. ఒక చేతి భాగం 1627లో గోవాకు వచ్చిందని సన్యాసుల రాతలు చెబుతున్నాయి. లిస్బన్‌లోని గ్రాసా మఠంలో ఆమె మరణ దృశ్యం నీలి పలకల మీద చిత్రించి ఉంది. అయితే గోడ మీద బొమ్మ ఉన్నంత మాత్రాన గోవాలో ఎముక ఉన్నట్టు కాదు గదా.

పోర్చుగీసువాళ్లు పాత గోవాను 1510లో పట్టుకున్నారు. అక్కడి గుట్ట మీద అగస్టీనియన్లు మఠం, దాన్ని ఆనుకుని గ్రాసా మాత చర్చి కట్టారు. చర్చి పని 1597 నుంచి 1602 దాకా సాగింది. మతసంఘాలను రద్దు చేశాక 1835లో మఠం ఖాళీ అయింది. చూసుకునే దిక్కు లేక 1842లో చర్చి పైకప్పు వంపు కూలిపడింది. 1931లో ముందు గోడ, దాంతోపాటు బురుజులో సగం పడిపోయాయి. మిగిలిన సగం బురుజు 46 మీటర్ల ఎత్తున ఇప్పటికీ ఒంటరిగా నిలబడి ఉంది. ఒకప్పుడు బలిపీఠాలు, సన్యాసుల గదులు, నడవలు ఉన్న కట్టడమంతా ఎర్ర లాటరైట్ రాళ్ల గుట్టగా మారి, దాని మీద చెట్లు మొలిచాయి.

అంత పెద్ద శిథిలంలో ఒక చేతి ఎముకను వెతకడానికి మొదటి పనిముట్టు కాగితం. పోర్చుగీసు రాతల్లో ఆనవాలు చాలా కచ్చితంగా ఉంది. సన్యాసులు సమావేశమయ్యే ప్రార్థనా మందిరంలో, లేఖ చదివే వైపున, రెండో కిటికీలో, రాతి పెట్టెలో ఆ అవశేషం ఉందని రాశారు. కాథలిక్ చర్చిలో 'లేఖ వైపు' అంటే బలిపీఠానికి ఎదురుగా నిలబడినవాడికి కుడిచేతి పక్క. ఇంటి అడ్రసులాగే ఉంది. చిక్కల్లా ఇల్లు లేకపోవడమే. గోడలు కూలి, కిటికీలు పూడిపోయి, ఏ గది ఏదో తెలియని చోట ఆ అడ్రసును మళ్లీ నేల మీద గీయాలి.

అలా గీయడంలోనే తవ్వేవాడి నేర్పు కనబడుతుంది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ గోవా విభాగం ఆ గుట్ట మీద ఏళ్ల తరబడి శిథిలాలు తొలగించింది. తమ రాణి ఆనవాలు కోసం జార్జియా నుంచి కూడా నిపుణులు వచ్చి వెతికారు. ఇలాంటి చోట పెళ్లగించి ఎత్తిపోస్తే పని కాదు. పైన పడ్డ కప్పు రాళ్లు ఒక పొర. వాటి కింద సున్నపు గారె, ఆ కింద నేల. కప్పు ఎటు ఒరిగి కూలిందో రాళ్లు పడ్డ తీరే చెబుతుంది. గోడ మొదళ్లు బయటపడ్డ కొద్దీ వాటిని కొలిచి పటం మీద ఎక్కించాలి. నడవ ఎక్కడ తిరుగుతుందో, గుమ్మం ఎటు తెరుచుకుంటుందో, బలిపీఠం అరుగు ఎక్కడుందో తేలితే గది పేరు తేలుతుంది. పాత చర్చిలలో నేల మీద పరిచిన సమాధి పలకల మీద పేర్లుంటాయి, ఫలానావాడిని ఫలానా చోట పూడ్చామని పుస్తకాల్లో రాసి ఉంటుంది. నేల మీది పేరూ పుస్తకంలోని పేరూ కలిసిన చోట మేకు దిగేసినట్టు ఒక స్థిరమైన బిందువు దొరుకుతుంది. బాయిలో సర్వేయరు తెలిసిన స్టేషన్ నుంచి తెలియని బొగ్గు ముఖం దాకా కొలుచుకుంటూ పోయే పద్ధతే ఇదీ. అలా సమావేశ మందిరం తేలింది, అందులో లేఖ వైపు తేలింది, ఆ వైపున రెండో కిటికీ తేలింది.

2004లో ఆ కిటికీ దగ్గర ఒక పొడవాటి చేతి ఎముక ముక్క బయటపడింది. అదే ప్రాంగణంలో దొరికిన మరో రెండు అవశేషాలను కూడా పరీక్ష కోసం వేరుగా పెట్టారు. ఆ రెండింటినీ వదిలేయకపోవడం ఎంత మంచి పనో తర్వాత తెలుస్తుంది.

పూర్తి అస్థిపంజరం ఉంటే ఎముకలు చూసే నిపుణుడు చాలా చెప్పగలడు. కటి ఎముక వెనుక ఉండే గంటు వెడల్పుగా ఉంటే సాధారణంగా ఆడ, ఇరుకుగా ఉంటే మగ. చేతి, కాలి ఎముకల చివర్లు పిల్లల్లో విడి ముక్కలుగా ఉండి, ఎదిగేకొద్దీ ఒక్కొక్కటే ఒక్కో వయసులో నడిమి ఎముకతో అతుక్కుంటాయి. ఏది అతికింది, ఏది ఇంకా అతకలేదో చూస్తే ఇరవై ఏళ్లలోపు వాళ్ల వయసు దాదాపుగా చెప్పవచ్చు. తొడ ఎముక పొడవు నుంచి మనిషి ఎత్తు లెక్కగట్టవచ్చు. గోవాలో దొరికింది మాత్రం ఒక్క చేతి ముక్క. దానికి కటి లేదు, పుర్రె లేదు, పన్ను లేదు. అందుకే అది హైదరాబాద్‌కు, హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చేరింది. కుమారసామి తంగరాజ్ బృందంలో నీరజ్ రాయ్, మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి ఆద్యుడైన లాల్జీ సింగ్ ఉన్నారు. పురావస్తు శాఖ తరఫున నిజాముద్దీన్ తాహెర్ వాళ్లతో కలిశారు.

పాత ఎముకలో డీఎన్ఏ పొడుగు దారంలా మిగలదు. వేడికి, తేమకు ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది, అక్షరాలు చెడిపోతాయి. గోవా వానలు, ఉక్కపోత తెలిసినవాళ్లు అక్కడ నాలుగు వందల ఏళ్లు గడిపిన ఎముక సంగతి ఊహించుకోవచ్చు. ఇంకో ముప్పు మన నుంచే వస్తుంది. తవ్వినవాడి చేతి చెమట, మాట్లాడేటప్పుడు పడే తుంపర, ఒక్క వెంట్రుక చాలు. కొత్త డీఎన్ఏ పాతదాన్ని ముంచేస్తుంది. అందుకే ఇలాంటి పనికి వేరే గది ఉంటుంది. ఒంటి నిండా తొడుగు, ముఖానికి మాస్కు, చేతులకు రెండు వరసల గ్లవ్స్ వేసుకుని లోపలికి పోతారు. ఎముక పైపొరను గీకి పారేస్తారు, ఎందుకంటే చేతులు తాకింది ఆ పొరనే. అతినీలలోహిత కాంతి కింద ఉంచుతారు. ఆ తర్వాతే లోపలి గట్టి భాగాన్ని పొడి చేస్తారు.

ఎముక అంటే కాల్షియం, దానికి అల్లుకున్న ప్రోటీన్. కాల్షియాన్ని పట్టి లాగే ద్రావణంలో పొడిని నానబెడితే ఆ గట్టిదనం కరుగుతుంది. ప్రోటీన్‌ను కొరికే ఎంజైము రెండో పని చేస్తుంది. అలా విడుదలైన డీఎన్ఏను సిలికాకు అంటుకునేలా చేసి, మిగతాదంతా కడిగేస్తారు. తేలినదాన్ని ఒకటికి రెండు, రెండుకు నాలుగుగా లక్షల నకళ్లు తీసి చదువుతారు. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక ఖాళీ గొట్టం. ఎముక పొడి తప్ప మిగతా మందులన్నీ పోసి, అన్ని మెట్లూ దాటించి, దాన్ని కూడా చివరిదాకా నడిపిస్తారు. ఆ ఖాళీ గొట్టంలో డీఎన్ఏ కనబడిందంటే ఎక్కడో కలుషితమైందని అర్థం, ఆ విడత పని మొత్తం పక్కన పడేయాల్సిందే. తన పనిని తానే అనుమానించడానికి ఒక గొట్టం కేటాయించుకున్న పనివాడి మాట నేను నమ్ముతాను.

చదవడానికి ఎంచుకున్న భాగం కూడా ఆలోచించి ఎంచుకున్నదే. ఒక్కో కణంలో కేంద్రకపు డీఎన్ఏ రెండు ప్రతులే ఉంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ వందలు, వేల ప్రతులు ఉంటుంది. 16,569 అక్షరాల చిన్న వలయం అది. అన్ని ప్రతులున్నప్పుడు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా కొన్ని మిగిలే అవకాశం ఎక్కువ. పైగా అది తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. తండ్రి వైపు కలగలుపు లేకుండా తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి అంటూ ఒకే గీతగా వెనక్కి పోతుంది. ఆ గీతలో ఎప్పుడో జరిగిన చిన్న అక్షర మార్పులను బట్టి ప్రపంచంలోని మనుషులను తల్లి వంశాలుగా విడదీశారు. మన దేశంలో సగానికి పైగా జనం 'ఎం' అనే పెద్ద వంశంలోకి వస్తారు.

కిటికీ దగ్గర దొరికిన ఎముకలో తేలిన వంశం 'యూ1బీ'. సీసీఎంబీ దగ్గర భారతదేశమంతటి నుంచి సేకరించిన ఇరవై రెండు వేలకు పైగా మనుషుల వివరాలున్నాయి. ఆ జాబితాలో ఒక్కరిలోనూ 'యూ1బీ' లేదు. జార్జియా నుంచి తెచ్చిన 30 మంది నమూనాల్లో ఇద్దరికి ఉంది. ఇక గోవాలోనే దొరికిన మిగతా రెండు అవశేషాలు ఆ వంశానివి కావు, ఇక్కడి జనంలో కనిపించే వంశాలవి. ఆ రెంటినీ పరీక్షించబట్టే మొదటిదాని మాటకు బరువొచ్చింది. ప్రయోగశాల ఏ ఎముక ఇచ్చినా ఒకే జవాబు చెప్పడం లేదని, ఎముకను బట్టే జవాబు మారుతోందని అవి చూపించాయి.

అయినా శాస్త్రవేత్తలు 'ఇది రాణి ఎముక' అని రాయలేదు. 'మైటోకాండ్రియన్' అనే పత్రికలో వచ్చిన వ్యాసం శీర్షికలోనే 'బహుశా' అన్న మాట పెట్టారు. తల్లి వంశం ఒక్క మనిషిది కాదు. ఆ రాణి అక్కచెల్లెళ్లకు, పినతల్లులకు, వాళ్ల కూతుళ్లకు, ఎన్నో తరాల ముందు విడిపోయిన పరాయి ఆడవాళ్లకు కూడా అదే ఉంటుంది. అందువల్ల డీఎన్ఏ ఒక్కటే పెట్టుకుంటే, ఆ ఎముక కాకసస్ వైపు తల్లి వంశంలో పుట్టిన మనిషిదని మాత్రమే చెప్పగలం. కాగితం ఒక్కటే పెట్టుకుంటే, అలాంటి అవశేషం ఒకప్పుడు అక్కడ ఉండేదని చెప్పగలం. తవ్వకం ఒక్కటే పెట్టుకుంటే, ఒక కిటికీ దగ్గర ఎవరిదో చెయ్యి ఉందని చెప్పగలం. మూడూ ఒకే చోట కలిసినప్పుడు ఇంకెవరి పేరూ సరిపోక ఒక్క పేరే మిగులుతుంది. ఆ కలయికకు ఆధారం రెండో కిటికీ. ఎముకను ఎవరైనా ముందే తీసి సంచిలో వేసి ఉంటే, ఎంత గొప్ప ప్రయోగశాల ఉన్నా కేతెవాన్ పేరు దాకా పోలేకపోయేది.

2021 జూలైలో మన విదేశాంగ మంత్రి ఆ అవశేషంలో ఒక భాగాన్ని టిబిలిసిలో జార్జియా ప్రభుత్వానికి అప్పగించారు.

చోటును చదవడంలో ఎంత దూరం పోవచ్చో చూడాలంటే అమెరికాలోని జేమ్స్‌టౌన్ పని చూడాలి. 1607లో ఇంగ్లిషువాళ్లు అక్కడ కోట కట్టుకున్నారు. విలియం కెల్సో బృందం 1994లో దాన్ని తవ్వడం మొదలుపెట్టింది. 1608 నాటి చర్చి బలిపీఠం భాగంలో నాలుగు సమాధులు దొరికాయి. 2013లో వాటిని తవ్వారు. పేటిక చెక్క నామరూపాల్లేకుండా కుళ్లిపోయింది, ఇనుప మేకులు మాత్రం మట్టిలో దిగిన చోటే ఉన్నాయి. ఒక్కో మేకు పొడవు, వెడల్పు, లోతు కొలతలు తీసి కంప్యూటర్‌లో కలిపితే లేని పేటిక ఆకారం గాలిలో నిలబడింది. భుజాల దగ్గర వెడల్పై, మనిషి ఒంటిని పోలిన పేటిక అది. ఆ కాలంలో అలాంటిది పెద్దవాళ్లకే చేసేవారు. ఒక సమాధిలో పేటిక లేదు, గుడ్డ చుట్టి పూడ్చారు. తల దిక్కు మిగతావాళ్లకు ఎదురుగా ఉంది. జనం వైపు తిరిగి నిలబడే పాదిరిని చచ్చాక కూడా జనం వైపే తిప్పి పడుకోబెట్టారన్నమాట. అతను రాబర్ట్ హంట్ అని తేల్చారు.

ఎముకలో తిండి గుర్తు కూడా ఉంటుంది. ఇది మన ప్రాంతం వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. జొన్న, మక్క, సజ్జ, చెరకు గాలిలోని కార్బన్‌ను ఒక పద్ధతిలో పట్టుకుంటాయి. వరి, గోధుమ, పప్పులు ఇంకో పద్ధతిలో పట్టుకుంటాయి. మొదటి రకం మొక్కల్లో బరువైన కార్బన్ వాటా కాస్త ఎక్కువ. తిన్న తిండి ఎముకలో చేరుతుంది కాబట్టి, జొన్న గటకతో బతికినవాడి ఎముకా వరన్నంతో బతికినవాడి ఎముకా యంత్రంలో వేరువేరు అంకెలు చూపిస్తాయి. జేమ్స్‌టౌన్‌లో గోధుమ తిని పెరిగి కొత్తగా దిగినవాడినీ, అక్కడి మక్కలకు అలవాటు పడినవాడినీ ఇలాగే విడదీశారు. పంటి పింగాణి చిన్నప్పుడే ఏర్పడి తర్వాత మారదు. అందులోని ఆక్సిజన్ చిన్నతనంలో తాగిన నీళ్ల గుర్తు. ఎముక చివరి ఏళ్ల కబురు చెబితే, పన్ను పుట్టిన ప్రాంతం కబురు చెబుతుంది.

పంజాబ్‌లోని అజ్నాలాలో మన సీసీఎంబీ వాళ్లకు చివరికి దిక్కయింది ఆ పన్నే. 1857లో లాహోర్ దగ్గర తిరగబడ్డ 26వ దేశీయ పదాతి దళం సిపాయిలు 282 మందిని చంపి బావిలో పడేశామని అప్పటి అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ స్వయంగా రాసుకున్నాడు. 2014లో స్థానికులు ఆ బావిని తవ్వారు. వాళ్లది మంచి మనసే, మరచిపోయిన మనుషులకు గౌరవం చెయ్యాలనే తపనే. కానీ పురావస్తు పద్ధతి లేదు. ఎముకలు విరిగాయి, కలగలిసిపోయాయి, ఏ చెయ్యి ఏ పుర్రెదో చెప్పే వరస పోయింది. నేను మొదట చెప్పిన పెట్టె ఒలికిపోవడమంటే ఇదే.

ఆ తర్వాత, బావిలోని ఎముకలు దేశ విభజన అల్లర్లలో చనిపోయినవాళ్లవి కావచ్చన్న వాదన కూడా లేచింది. చోటు చెప్పాల్సిన సాక్ష్యం చెదిరిపోయాక మిగిలింది ఒంటి సాక్ష్యమే. పంజాబ్ విశ్వవిద్యాలయానికి చెందిన మానవశాస్త్రవేత్త సెహ్రావత్‌తో నీరజ్ రాయ్, తంగరాజ్ కలిసి 50 నమూనాల్లో తల్లి వంశం చదివారు, 85 నమూనాల్లో నీళ్ల గుర్తులు చూశారు. ఆ మనుషులు పంజాబీలు కారు, గంగా మైదానంవాళ్లని తేలింది. అలాంటి దళంలో ఉండే సిపాయిల ఊళ్లకు అది సరిపోయింది. 2022లో ఆ ఫలితం అచ్చయింది. చెదిరిన కుప్ప నుంచి ఇంత రాబట్టడం గొప్ప పని. అయినా నా తూకంలో గోవా తవ్వకమే పైమెట్టు. అక్కడ ఒక పేరు దొరికింది. అజ్నాలాలో ఒక ప్రాంతం దొరికింది, పేర్లు దొరకలేదు.

ఇదంతా ఎక్కడో జరిగే పని కాదు. మచిలీపట్నంలో డచ్చివాళ్లు, 1611 నుంచి ఇంగ్లిషువాళ్లు స్థావరాలు పెట్టుకున్నారు. బందరులోనూ భీమిలిలోనూ చెక్కిన రాళ్లతో డచ్చి సమాధులు ఈనాటికీ ఉన్నాయి. మన గోదావరి తీరంలో పొలాల మధ్య పెద్ద బండలు నిలబెట్టిన పాత సమాధులను రాకాసి గుళ్లంటారు. చెరువు పూడిక తీసేటప్పుడో, రోడ్డు వేసేటప్పుడో, పొలం చదును చేసేటప్పుడో జేసీబీ తొట్టికి ఎముక తగలవచ్చు. అప్పుడు బండి ఆపండి. ఎముకను చేత్తో తీయకండి, కడగకండి. ఉన్నది ఉన్నట్టు ఒక ఫొటో తీసి, పైన పట్టా కప్పి, తహసీల్దారుకో పోలీసులకో చెప్పండి. పురావస్తు శాఖ వాళ్లు వచ్చేదాకా చుట్టూ ఒక తాడు కట్టి, చుట్టుపక్కల మట్టిని కూడా కదలనివ్వకండి.